చివరి పేరా

వార్తలో ముఖ్యమైనది ముందు పెట్టాలి. చోటు చాలకపోతే ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్లు కింది నుంచి కోస్తారు. తెనాలిలో విలేకరిగా చేరిన మొదటి వారంలోనే నాకిది నేర్పారు. ఉద్యోగమంతా అలాగే రాశాను. ఒక్కసారి మాత్రం, కోస్తారని తెలిసే ఒక మనిషిని కింద పెట్టాను.

కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడాది అది. రేపల్లె దగ్గరి లంకలో జనం చిక్కుకున్నారని వార్త కోసం పొద్దున్నే వెళ్లి, నీళ్లు పెరిగి నేనూ వాళ్లలో ఒకణ్ణయ్యాను. సర్కారు పడవలు రాకముందే ఒడ్డున ఉండే జాలరి ఒకాయన తన పడవేసుకుని వచ్చాడు. ముందు ఆడవాళ్లనూ పిల్లలనూ దాటించాడు. మూడోసారికి నా వంతు వచ్చింది.

"రా తమ్ముడూ, ఆ పుస్తకం ఇటివ్వు. తడిస్తే రేపేం రాస్తావు?" అంటూ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నా నోటుబుక్కును అందులో మూటగట్టి తన మెడకు కట్టుకున్నాడు.

నడి ఏట్లో కొట్టుకొచ్చిన చెట్టు పడవకు తగిలితే, నీళ్లలోకి దూకి దాన్ని పక్కకు తోశాడు. మమ్మల్ని దించి మళ్లీ వెనక్కి తిరిగాడు. ఇంకెవరున్నారని అడిగాను.

"ముసల్దాని మేకుంది. దాన్ని వదిలేస్తే ముసల్ది నన్ను వదల్దు తమ్ముడూ."

మర్నాడు బడిలో పెట్టిన సహాయ కేంద్రం దగ్గర బియ్యం బస్తాలు దించుతున్నారు. అతను రెండు బస్తాలు తన పడవలో వేసుకుని పైన వల కప్పడం చూశాను. నేను చూడటం అతనూ చూశాడు.

"నిన్నంతా తెడ్డేసింది ఎవరు తమ్ముడూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి వరుసలో చివరనున్న నాలుగైదు కుటుంబాల దాకా వచ్చేసరికి బియ్యం అయిపోయింది. వాళ్లు ఖాళీ సంచులతో వెళ్లిపోయారు.

తెనాలి వచ్చి వార్త రాశాను. మొదటి పేరాలో బస్తాలు, ఖాళీ సంచులు, అతని పేరుతో సహా. చివరి పేరాలో పడవ, చెట్టు, మేక. రెండూ రాశాను కదా అనుకున్నాను. కానీ ఆ రోజు ప్రకటనలు ఎక్కువ, వార్తలు కుదించమని డెస్కు నుంచి ముందే ఫోను వచ్చింది. కిందా మీదా మార్చడానికి ఎంతోసేపు పట్టేది కాదు. మొదటి పేరా బాగా కుదిరింది. దాన్ని కదపబుద్ధి కాలేదు.

తెల్లారి పేపర్లో చివరి పేరా లేదు.

పక్షం తర్వాత రేవులో కనిపించాడు. అప్పటికే ఊళ్లో అతన్ని బియ్యం పడవోడని పిలుస్తున్నారు. "ఎక్కండి సార్" అన్నాడు, అంతే.

తర్వాత నన్ను బాపట్ల వేశారు. సాయంత్రాలు సూర్యలంక ఒడ్డున నడిచేవాణ్ణి. వల లాగేవాళ్లు ఒకరినొకరు తమ్ముడూ అని కేకేసుకుంటే, నన్ను కాదని తెలిసీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

రిటైరై తెనాలి చేరాక, ఈ మధ్య పాత సంచి సర్దుతుంటే ఆ వార్త అసలు ప్రతి దొరికింది. మడిచి జేబులో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. వంతెన వచ్చాక పడవ మానేశాడని, ఇప్పుడు బజార్లో భార్యతో కలిసి చేపలమ్ముతున్నాడని తెలిసింది. మనిషి బాగా చిక్కిపోయాడు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

"ఏంటి సార్, ఇటొచ్చారు?"

"నీ గురించి రాసింది ఒకటి మిగిలిపోయింది. చదివి వినిపిద్దామని."

"మళ్లీ ఏం రాశారండి?" అందామె తలెత్తకుండా. "ఈసారి చేపలెత్తుకుపోయాడనా?"

నిలబడే చివరి పేరా చదివాను. 'మూడుసార్లు ఏరు దాటి' అన్న చోట అతను ఆపాడు.

"నాలుగండి. మేక కోసం వెళ్లింది లెక్కెయ్యలేదు."

ఆమె నవ్వింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కాగితం మడవబోయాను.

"దానిపైన ఇంకా ఉందిగా. అదీ చదవండి" అందామె.

"అది అప్పుడే అచ్చయిందిగా."

"మేం చదవలేదండి. వాళ్లూ వీళ్లూ అంటే విన్నాం. మొదట్నుంచీ చదవండి."

చదివాను. నేనంత ఇష్టపడ్డ మొదటి పేరా, ఆ చేపల మధ్య, పైకి. వరుస చివర ఖాళీ సంచులతో వెళ్లినవాళ్ల మాట రాగానే కత్తిపీట మీద ఆమె చేయి ఆగింది.

"బియ్యం తీసింది నేనేనండి. అబద్ధం రాయలేదు మీరు" అన్నాడతను. "వాళ్లకి అందలేదన్నది మాత్రం నాకు తెలీదు."

"నాకు తెలిస్తే వండేదాన్నా?" అందామె, మాలో ఎవరితోనో.

చివరి పేరా కోస్తారని నాకు ముందే తెలుసన్న సంగతి అప్పుడు చెప్పాను. అతను తలాడించాడు. అదెలాంటి తలాడింపో నాకిప్పటికీ తెలియదు. చేతులు కడుక్కుని కాగితం అడిగి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, తడవకుండా అందులో మడతపెట్టి, బుట్ట వెనకాల గూట్లో పెట్టాడు.

"రైలు టైమవుతుంది. వెళ్లండి సార్."

వెళ్లలేదు. ఇంకో మాటేమైనా అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రొయ్యలెంతని ఎవరో అడిగారు. అతను అటు తిరిగాడు.