ఇంటి వెనక గుంత, పెదనాయన గొంతు

ఆ రోజుల్లో మా అనంతపురంలో ఒక ఇంట్లో కంప్యూటర్ ఉందంటే, చూడ్డానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, తడిచేతులు పంచెకు తుడుచుకుని మరీ లోపలికి అడుగుపెట్టేవారు. దానిమీద పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంచేవాళ్లం. ఇప్పుడు జేబులో పడేసుకుని తిరిగే ఫోనుకున్న తెలివిలో పిసరంత కూడా దానికి లేదు గానీ, మర్యాద మాత్రం కొండంత. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో సబ్ ఎడిటర్‌గా చేరిన నేను అలాంటిదొకటి ఇంటికి తెచ్చాను. పత్రిక పని కోసమని మా ఆవిడకు చెప్పాను. పాటల కోసమని నాకు తెలుసు. (ఆమెకూ తెలుసని తర్వాత తెలిసింది.) టేపురికార్డర్‌ను ఒక వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, పాత క్యాసెట్లోని పాటను లోపలికి ఎక్కించి, సీడీగా చేసుకోవచ్చని ఎవరో చెప్పగా విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. యంత్రంలోంచి మనిషి గొంతు మనిషి గొంతులాగే ఎలా వస్తుంది, ఎందుకు రాదు అన్నది తేల్చుకోవాలని ఒకటే ఉబలాటం.

ఈ సంగతి బెళుగుప్ప దగ్గర పల్లెలో ఉండే మా పెదనాయన చెవిన పడింది. వయసులో ఉన్నప్పుడు ఆయన నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. పద్యం ఎత్తుకుంటే పక్కూరి కుక్కలు కూడా మొరగడం ఆపేవట (ఈ మాట చెప్పింది కూడా ఆయనే). తర్వాత గొంతుకు ఆపరేషన్ జరిగి, ఆ గొంతు గరగరమనే గుసగుసగా మిగిలింది. పాడిన రోజుల గుర్తుగా ఒకే ఒక్క క్యాసెట్ ఉంది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని, ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు.

"మనవళ్లు నమ్మరప్పా" అన్నాడు, కాఫీ కూడా ముట్టకుండా. "తాతా, నువ్వు పాడినావంటే బండరాయి పాడినట్లే అని నగుతాండారు. ఇది అరిగిపోకముందే సీడీలో ఎక్కించు. ఒక్కసారి వాళ్లకు ఇనిపిస్తే సాలు నాకు."

అంతటితో వదల్లేదు. ఆ రోజు హార్మోనియం వాయించిన కొత్తచెరువు ఆయన తప్పు వాయించి తన పద్యాన్ని చెడగొట్టాడని, ఆ నాటకం నుంచి ఇద్దరికీ మాటల్లేవని చెప్పాడు. "కంప్యూటర్‌లో అన్నీ అయితాయంట కదా. వాని పెట్టె తగ్గించి, నా గొంతు పెంచు" అని నా చేతిలో క్యాసెట్ పెట్టి, బిడ్డను అప్పగించినట్టు ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

వైర్లు కలిపి మొదలుపెట్టాను. స్పీకర్లలోంచి ముందు వచ్చింది పెదనాయన కాదు. 'గుయ్‌'మని ఒక మోత. తుమ్మెద ఒకటి లోపల ఇరుక్కుని బయటికి దారి వెతుక్కుంటున్నట్టు, ఆగకుండా, అలసిపోకుండా. దాని వెనక ఎక్కడో నూతిలోంచి పెదనాయన పద్యం. హార్మోనియమైతే వినిపించనే లేదు. కంప్యూటర్ అమ్మిన అన్నను పిలిపించాను. మేమంతా ఆయన్ను డబ్బా అన్న అనేవాళ్లం. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర మందు ఒకటే, డబ్బా తెరిచి ఏదో ఒకటి మార్చడం. సౌండ్ కార్డు మార్చాడు, వైర్లు మార్చాడు, స్పీకర్లు మార్చాడు. మోత మారలేదు. చివరికి గోడల మీద నేరం మోపి, గదిలో శబ్దం ప్రతిధ్వనిస్తోందని తీర్పు చెప్పాడు. గోడలకు మెత్త కట్టమన్నాడు. మా ప్రాంతంలో మెత్తకేం కొదవ? వేరుశనగ కాయల బస్తాలు తెచ్చి గది చుట్టూ పేర్చాను. మోత అలాగే ఉంది, ఎలుకలు అదనంగా వచ్చాయి. వాటికి సంగీతం మీద ఆసక్తి ఉన్నట్టు కనిపించలేదు.

దీనికి తోడు కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమనేవి. "మీ పెట్టె కుడతాండాది. నేను దుమ్ము కూడా తుడవను" అని మా ఆవిడ తేల్చేసింది. ఆమెది కర్ణాటక అంచున ఉన్న చిలమత్తూరు. మాట కన్నడం పక్కనే పుట్టినా, తెలుగులో తిట్టేటప్పుడు సరిహద్దు ఎక్కడా అడ్డం రాదు.

పత్రికవాడి బుద్ధి ఊరికే పోదు. ఏ వార్తకైనా ముందు అడగాల్సింది ఎప్పుడు, ఎక్కడ అని కదా. మోత ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అని గమనించడం మొదలుపెట్టాను. ఆఫీసుకు వెళ్లేది మధ్యాహ్నం కాబట్టి పొద్దునంతా నాదే. వింతేమిటంటే, మా వీధి కొళాయికి నీళ్లు వచ్చిన రోజున మోత దాదాపు ఉండేది కాదు. మర్నాటికి సన్నగా మొదలై, మళ్లీ కొళాయి వచ్చేలోపు తుమ్మెద కాస్తా తేనెతుట్టె అయ్యేది. కొళాయికీ పాటకూ ఏమిటి సంబంధం? పెరట్లోకి వెళ్లి నిలబడితే అర్థమైంది. నీళ్లొచ్చిన రోజు మా ఆవిడ అంట్లన్నీ ముందేసుకుని తోముతుంది. ఆ నీళ్లు పారి పారి గోడవార ఉన్న ఒక గుంతలోకి ఇంకుతున్నాయి. ఇల్లు కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు తీగను పాతిన గుంత అది. దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపాల్సిన చోటు. నేల తడిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. వాన మొహం చూడని మా నేలలో కరెంటు కూడా దిగలేక, వెనక్కి తిరిగి వచ్చి మా స్పీకర్లలో కూర్చుని మూలుగుతోంది.

కనిపెట్టిన ఆనందంలో వంటింట్లోకి పోయి ఒక బిందె నీళ్లు ఎత్తుకున్నాను. మా ఆవిడ బిందెకు అడ్డంగా నిలబడింది. సంగతంతా విని, "మనిషికి దాహమైతే ఇస్తాం, గొడ్డుకు దాహమైతే ఇస్తాం. పాటకు కూడా దాహమైతాదా?" అంది. తాగే నీళ్లలోంచి ఒక్క చుక్క కూడా ఇవ్వనంది. పెదనాయన గొంతు సంగతి చెప్పాను. బిందె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. తర్వాత బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బక్కెట్లో పట్టి పెట్టసాగింది. రోజూ వాటిని తీసుకెళ్లి భక్తిగా గుంతలో పోసేవాణ్ని. గోడ అవతలి అత్త ఒకరోజు, ఏం చెట్టు పెట్టినావప్పా అని అడిగింది. ఇంకా మొలవలేదని చెప్పాను.

మోత పూర్తిగా పోయిన రోజున, ఆ కథంతా చెప్పి పెదనాయనకు కబురు పెట్టాను. ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, స్పీకర్ల ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మీట నొక్కాను. ఎంత నాణ్యంగా వచ్చిందంటే, పద్యానికి ముందు ఆయన పీల్చిన ఊపిరి వినబడింది. ముందు వరుసలో ఎవరో దగ్గడం వినబడింది. వాటితోపాటు, అన్నాళ్లూ మా స్పీకర్ల మోత చాటున దాక్కున్న హార్మోనియం కూడా వినబడింది. అది చక్కగా, ఓపికగా, తన శ్రుతిలో తాను నడిచిపోతోంది. పెదనాయనే ఒకచోట రాగం పైకి లాగబోయి, దారి విడిచి పొలాల్లో పడ్డాడు. హార్మోనియం ఆయన కోసం కాసేపు ఆగి, వెతికి, చెయ్యి పట్టి మళ్లీ దారిలోకి తెచ్చింది.

పద్యం అయిపోయింది. నేను ఆయన మొహం చూడకుండా వైర్లు సర్దుతున్నట్టు నటించాను. "బాగా వాయించినాడు గదప్పా వాడు" అన్నాడు పెదనాయన. కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుని, "ముందు గుయ్యిమంటా ఉన్నిందంటివే, అది మళ్లీ రాదా?" అని అడిగాడు.

వస్తుందన్నాను. అనంతపురంలో దానికోసం ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, గుంతలో నీళ్లు పోయకుండా ఊరుకుంటే చాలు. "అయితే రెండు సీడీలు చెయ్యి. గుయ్యి ఉండేది నా మనవళ్లకు. గుయ్యి లేనిది కొత్తచెరువుకు పంపు, ఆయప్పకు" అన్నాడు. అన్నిరోజులూ 'వాడు'గా ఉన్న మనిషి అప్పుడే 'ఆయప్ప' అయ్యాడు.

మనవళ్లు సీడీ విని, తంబూర ఎవరు మీటారు తాతా అని అడిగారట. కొత్తచెరువు నుంచి కొన్నాళ్లకు బస్సు కండక్టర్ ద్వారా మాట వచ్చింది. "బాగనే పాడినాడని చెప్పు. పైకి లాగేటప్పుడు నేనే రోంత తొందరపడినా."

ఇప్పుడు నా దగ్గర ఈగ రెక్కల చప్పుడు కూడా విడిగా వినిపించే యంత్రాలున్నాయి. మోత అన్నది లేదు. కానీ ఎండాకాలం మధ్యాహ్నాల్లో వంటింట్లో ఫ్రిజ్ గుయ్‌మని మొదలుపెట్టినప్పుడు, దానిమీద ఎవరో పద్యం ఎత్తుకుంటారేమోనని నా చెవి ఒక్క క్షణం ఆగుతుంది. బియ్యం నీళ్ల బక్కెట్ పట్టుకుని, స్వచ్ఛమైన శబ్దమే సంగీతమని నమ్మి గుంత దగ్గర నిలబడిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్లు పారబోసే ముందు ఒకసారి నావైపు చూస్తుంది.