పట్టికలో నేను రాయని గడి

ఏడేళ్ల కిందట ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను నవ్వేశాను. ఆ నవ్వును అప్పటి నుంచీ మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు దేవుడికి కూడా సగమే చెప్పాను, మిగతా సగం ఆయనకు తెలిసే ఉంటుందని తప్పించుకున్నాను. మీకు మాత్రం పూర్తిగా చెబుతాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. పేరు మాత్రం అడక్కండి. మధ్యలో ఆగినా, తడబడినా కాస్త ఓపిక పట్టండి.

చీపురుపల్లిలో స్టేషన్‌కు వెళ్లే దారిలో నాకో చిన్న గది ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ప్రింటరు. బండ్లకు ఇన్సూరెన్స్ చేయిస్తాను, రిజిస్ట్రేషన్ కాగితాలు నింపిపెడతాను. ఇలాంటి గదులు ఆ రోడ్డులోనే ఇంకో నాలుగు ఉన్నాయి. కానీ వాళ్లెవరి దగ్గరా లేనిది నా దగ్గర ఒకటుంది. గోడ మీద పట్టిక. పాత క్యాలెండర్ అట్టలు నాలుగు అతికించి, స్కేలు పెట్టి గీతలు గీసి, స్కెచ్ పెన్నులతో నేనే రాసుకున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఒక వరస. సరిహద్దు అవతల ఒడిశాకు ఒక వరస. హైదరాబాదుకు ఒకటి, పాండిచ్చేరికి ఒకటి. ఒక్కో కారుకు ఎక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత, రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అన్నీ గడుల్లో ఉంటాయి. రేట్లు మారినప్పుడల్లా గడి మీద తెల్ల కాగితం అంటించి కొత్తది రాస్తాను.

ఆ పట్టికను చూసి అందరికంటే ఎక్కువ నోరు వెళ్లబెట్టింది నేనే. నవ్వకండి. ఒకటే కంపెనీ, ఒకటే ఇంజను, ఒకటే రంగు. బొబ్బిలిలో కొన్న కారు పార్వతీపురం దాటి, కూనేరు దాటి, రాయగడలో ఆగిందనుకోండి, దాని మీద పడే పన్ను వేరు. దారిలో కొండలు మారవు, అటూ ఇటూ అవే జీడితోటలు, టీ కొట్లో కూడా సగం తెలుగే వినిపిస్తుంది. అయినా లెక్క మారిపోతుంది. పెద్ద పట్నంలో రిజిస్టరైన కారుకు ఇన్సూరెన్స్ కాస్త ఎక్కువ, మనలాంటి ఊళ్లలో తక్కువ, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ బీమా మటుకు దేశమంతా ఒక్కటే. ఎవరు కూర్చుని ఇవన్నీ ఇలా కోసి పంచారో కదా అని ఎన్నిసార్లు ఆశ్చర్యపోయానో. ఆ లోకమంతా నా గోడ మీద ఉందన్న గర్వం కూడా ఉండేది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి "నీ సార్టు సూపించు బాబూ" అని అడిగేవారు. నేను స్కేలు పట్టుకుని లేచి నిలబడేవాణ్ణి, బడి పంతులులాగా.

అప్పలస్వామి మావ అలా వచ్చినవాడే. నా భార్య పుట్టిన ఊరు ఆయనది, బొబ్బిలి దగ్గర. వరసకు ఆమెకు చిన్నాన్న, నాకు మావ. కొంచెం పల్లం, కొంచెం మెట్ట ఉన్న రైతు. కుర్రతనం నుంచీ ట్రాక్టరు నడిపిన చేతులు. యాభై దాటాక కారు కొనాలన్న కోరిక పుట్టింది. ఎందుకంటే అత్తకు మోకాళ్ల నొప్పులు, బస్సులో నిలబడలేదు. "నా ఆడది ఇంక బస్సు రాడ్డు పట్టుకోకూడదల్లుడా" అన్నాడు. అంతే ఆయన కోరిక.

ఆయన చదివింది ఐదో తరగతి. కానీ నా పట్టికను చదివినట్టు ఇంకెవరూ చదవలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడ దగ్గరికి వెళ్లి, మొదటి గడి మీద వేలు పెట్టి, పెదాలు కదిపి చదువుకుంటూ చివరి గడి దాకా వచ్చాడు. ఒడిశా వరస దగ్గర ఆగాడు. ఆయన చెల్లెల్ని రాయగడలో ఇచ్చారు. బావ అక్కడే కిరాణా వ్యాపారం చేసుకుంటాడు. నేను చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. బావ పేరు మీద అక్కడ రిజిస్టర్ చేయిస్తే పన్ను తగ్గుతుంది, బండి ఇక్కడ తిప్పుకోవచ్చు. మా వైపు చాలామంది చేసే పనే ఇది. బావ పేరు వేరు, మన పేరు వేరు అని ఇక్కడ ఎవరూ అనుకోరు. అలా అనుకోవడమే తప్పుగా చూస్తారు.

అది చట్టం ప్రకారం సరైన పని కాదని నాకు తెలుసు. నేను మోస్తున్న బరువు అది కాదు. అసలు సంగతికి వస్తాను.

ఆ రోజు గదిలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను స్కేలు పట్టుకుని మంచి ఊపులో ఉన్నాను. కాగితాల మీద సంతకాలు పెట్టించబోతుంటే మావ చెయ్యి ఎత్తి ఆపాడు.

"అల్లుడా, ఒక మాట. బండి బావ పేరు మీద ఉన్నాది, నడిపేది నాను. రేపు నాకేటైనా అయితే ఏటి?"

నేను నవ్వాను. "ఏటవుతాది మావా! బండికి ఇన్సూరెన్స్ ఉన్నాది కదా, అన్నీ అదే సూసుకుంటాది. నివ్వు సంతకం పెట్టు."

"నివ్వు సెప్పినావంటే సాలు," అని ఆయన మెల్లగా పెన్ను పట్టుకుని, సాక్షి గీత మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. కారు నడిపే యజమానికి ప్రమాదం జరిగితే వచ్చే బీమా ఒకటుంటుంది. అది బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో, అదే సీ బుక్కులో, ఎవరి పేరు ఉంటే వాళ్లకే వర్తిస్తుంది. నడిపేవాడు వేరైతే వాడికి రాదు. ఈ సంగతి నాకు తెలుసు. అనుమానంగా కాదు, లీలగా కాదు, నా పేరు నాకు తెలిసినట్టు తెలుసు. దానికి విరుగుడు కూడా తెలుసు. ఆయన పేరు మీద విడిగా ఒక ప్రమాద బీమా తీసుకోమంటే సరిపోయేది. పెద్ద ఖర్చు కూడా కాదు.

మరి ఎందుకు చెప్పలేదు? కమీషన్ కోసమా? కాదు, విడిగా ఇంకో పాలసీ చేయిస్తే నాకు ఇంకాస్త వచ్చేది. ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను, ప్రతిసారీ తిరిగి తిరిగి అదే చోటికి వస్తున్నాను. చెబితే పట్టికలో ఇంకో గడి గీయాలి. ఆ గడి గీస్తే ఒడిశా వరస అంత అందంగా ఉండదు. ఇద్దరు మనుషులు చూస్తుండగా, ఐదో తరగతి చదివిన రైతు నా గోడ మీద లేని ప్రశ్న అడిగాడు. అది నాకు నచ్చలేదు. అంత చిన్న విషయం. ఒక మనిషి కాలికి, నా గొప్పకు మధ్య నేను నా గొప్పను ఎంచుకున్నాను. అప్పుడు అది కాలు అని నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి అని మీతో అనాలనిపిస్తోంది. ఆ మాట నాకే నమ్మకంగా లేదు.

రెండేళ్లు బండి బాగా తిరిగింది. అత్త ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, పుట్టింటికి వెళ్లొచ్చేది. మూడో ఏడు వానాకాలంలో ఒక పొద్దున, పార్వతీపురం నుంచి ఒంటరిగా వస్తూ, గేదె అడ్డం వస్తే తప్పించబోయి మావ కారును కల్వర్టు గోడకు కొట్టాడు. కుడికాలు ఇంజను కింద నలిగిపోయింది. విశాఖలో మోకాలి కింద నుంచి తీసేశారు.

నేను ఆస్పత్రికి వెళ్లాను. ఆయనకు మెలకువగానే ఉంది. అత్త బయట బెంచీ మీద బత్తాయిలు వలుస్తోంది. వాళ్లబ్బాయి నన్ను పక్కకు పిలిచి, నాన్నకు ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా అని అడిగాడు. సీ బుక్కులో ఆయన పేరే ఉండి ఉంటే, ఒక కాలు పోయినందుకు ఆ బీమాలో సగం వచ్చేది. ఆస్పత్రి ఖర్చంతా అందులో తీరిపోయేది. గదిలోకి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

"నడిపినోడికి రాదట మావా," అన్నాను. "రూలు మార్చేశారు. మొన్ననే మార్చారు. నాకూ తెలీదు."

రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. దానికీ ఆశ్చర్యపోయాను.

ఆయన నా వంక చూశాడు. దుప్పటి మీద చెయ్యి జరిపి నా చెయ్యి పట్టుకున్నాడు. "నివ్వేటి సేస్తావురా, రూలు నీ సేతిలో ఉన్నాదేటి. బాధ పడకు. టీ తాగినావా నేదా?" అన్నాడు.

కాలు పోయిన మనిషి నన్ను టీ తాగావా అని అడిగాడు. బయటికి వచ్చి, మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కారు డ్యామేజీకి వచ్చిన డబ్బు రాయగడ బావ పేరున వచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోకుండా తెచ్చి మావ దిండు కింద పెట్టి వెళ్లాడు. ఆస్పత్రికి అది చాలలేదు. మెట్టలో ఉన్న ఎకరం జీడితోట అమ్మేశారు. ఆ తోట ఆయన తండ్రి నాటింది. నేను ఆ దారిన బొబ్బిలి వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ బస్సులో అటువైపు కూర్చోను.

ఆ తర్వాత కూడా వేసవి వస్తే మావ ఇంటి నుంచి నాకు జీడిపప్పు పొట్లం వచ్చేది. తోట అమ్మేశాక ఎక్కడిది అని అడిగితే, కొన్నవాళ్లు కాసిని ఇచ్చారట. అందులో నా వాటా. ఎలా తిన్నానో అడగకండి. తిన్నాను.

గత ఏడాది ఒక మధ్యాహ్నం నా గది ముందు తెల్లకారు ఆగింది. స్టీరింగు దగ్గర అప్పలస్వామి మావ. నేను లేచి గుమ్మంలోకి వచ్చాను. కాలు లేనివాళ్లు చేత్తో నడుపుకునేలా విశాఖలో మెకానిక్ మార్చి ఇచ్చిన బండి అది. ఒక లివరు ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. యాభై ఎనిమిదేళ్ల మనిషి మళ్లీ నేర్చుకున్నాడు. రవాణా ఆఫీసులో అధికారి ముందు నడిపి చూపించి, మళ్లీ లైసెన్సు తెచ్చుకున్నాడు. పక్క సీట్లో అత్త, కిటికీ మీద చెయ్యి. ఆ రోడ్డులో నడిచే ప్రతివాణ్ణీ పిలిచి చూపించాలనిపించింది, అదే సమయంలో బల్ల కింద దాక్కోవాలనిపించింది.

చంక కర్ర ఊనుకుంటూ లోపలికి వచ్చాడు. కూర్చోలేదు. అలవాటుగా గోడ దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి, అన్ని గడులూ చదివాడు. చివరికి వచ్చి నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"అల్లుడా, నీ సార్టులో ఒకటి నేదు. ఇలాటి బండికి మన జిల్లాలోనే లైఫ్ ట్యాక్స్ నేదు. ఒక్క రూపాయి నేదు! ఇన్సూరెన్స్ కూడా తగ్గిత్తారంట. రాయగడ కన్నా సవక, పాండిచ్చేరి కన్నా సవక. ఈసారి నా పేరు మీదే. రాయి, ఇక్కడ ఒక గడి గీసి రాయి. ఎవడికైనా పనికొస్తాది."

నా చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చాడు. నేను గడి గీశాను. సున్నా రాశాను. ఆయన వెనక్కి జరిగి, తల పంకించి, ఎంత బాగుందో చూడమని అత్తను కేకేశాడు. దేశంలో అన్నింటికంటే తక్కువ పన్ను ఎక్కడో వెతుక్కుంటూ వచ్చిన మనిషికి నేను చివరికి అది చూపించాను. ఆయన కాలు పోయే దారిలో నడిపించి చూపించాను. ఆయన ముఖంలో ఆ సంతోషం నిజమైనది. దాన్ని చూసి నాకు భయం వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది. పొరపాటున రెండూ చేసేసి ఉంటాను, ఆయన "ఏటిరా" అని నవ్వాడు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పాలసీ కాగితాలు ప్రింటు తీసి ఇచ్చాను.

ఆయనకు తెలిసే ఉంటుందా? ఈసారి నా పేరు మీదే అన్నాడు కదా, అందులో ఏమైనా ఉందా? పన్ను మినహాయింపుకు ఆయన పేరే ఉండాలి, అందుకే అన్నాడు. నేనే ప్రతి మాటలోనూ ఏదో వెతుక్కుంటున్నాను. తెలిసి క్షమించాడని అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. ఆ హాయి నాకు రాకూడదు.

మొన్న పాలసీ గడువు దగ్గర పడిందని ఫోను చేశాను. సోమవారం వస్తానన్నాడు. ఈ ఉదయం గది తెరిచి, ఊడ్చి, స్టూలు ఎక్కాను. ఒడిశా వరస పక్కన, ఏడేళ్లుగా ఖాళీగా ఉన్న చోట, కొత్త గడి గీశాను. ఎర్ర పెన్నుతో రాశాను: 'సీ బుక్కులో పేరున్నవారికే ప్రమాద బీమా. నడిపేవారు వేరైతే వారికి రాదు. విడిగా తీసుకోవాలి.' కిందికి దిగి టీ తెప్పించుకున్నాను. చాలాకాలానికి దాని రుచి తెలిసింది. తర్వాత ఈ కాగితం తీసుకుని మీకు రాయడం మొదలుపెట్టాను.

సోమవారం మావ వస్తాడు. కూర్చోడు. వేలు పెట్టి మొదటి గడి నుంచి చదువుకుంటూ వస్తాడు. ఎర్ర అక్షరాల దగ్గర ఆగుతాడు. నా వైపు తిరిగి, "ఈ రూలు ఎప్పట్నుంచి ఉన్నాదల్లుడా?" అని అడుగుతాడు.

నేను నవ్వను. నువ్వు అడిగిన రోజు కూడా ఉంది మావా అని చెబుతాను.