పొద్దుటి ఆకు పులుపు

మొన్న ఆదివారం పెర్త్ శివారు హారిస్‌డేల్‌లోని మా ఇంటి వెనక, నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా ఇటుకల సందుల్లో మొండిగా పెరిగే గంగపావిలి కూరను మా కోడలు కోసి పప్పులో వేసింది. "అత్తయ్యా, ఈ ఆర్వోనే ఫ్రెష్‌గా కోశాను, అయినా అస్సలు పులుపే లేదు, చింతపండు పేస్టు రెండు స్పూన్లు వేసేశా" అంది, ఇక్కడివాళ్లలాగే మధ్యాహ్నాన్ని ఆర్వో అంటూ. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మాది ఒకప్పుడు పదిమందికి పెట్టిన ఇల్లు. నేను పుట్టేనాటికి పొలాలు పోయాయి గాని, వచ్చిన చుట్టాన్ని భోజనం పెట్టకుండా పంపని పట్టుదల పోలేదు. అలాంటప్పుడు పెరటి గంగపావిలే పప్పులోకి వచ్చేది, నోరు జివ్వుమనేంత పుల్లగా ఉండేది. నాయనమ్మ అందరి ముందూ, "మా కోడలికి చింతపండంటే లెక్కలేదు, గుప్పెళ్లతో పోస్తుంది" అనేది. అమ్మ తల వంచుకుని వడ్డించేది. చితికిన సంసారంలో కోడలి మీద దుబారా నింద ఎంత బరువో మా తరంవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎలాగైనా అది తొలగిపోవాలని నాకు చిన్నప్పటినుంచీ ఉండేది.

పెళ్లయి పెర్త్ వచ్చిన తొలి ఏళ్లలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆకులు నూరి, ఆ రసం గులాబి రంగుకు తిరిగేదాకా క్షారం చుక్కలు వేసి, పులుపు ఎంతో తేల్చే పని నాది. ఒకసారి నీళ్లు పోయకుండా ఎండగట్టిన గంగపావిలి మొక్కలిచ్చారు. తెల్లవారుజామున కోసిన ఆకుకు చుక్కలు పడుతూనే ఉన్నాయి, అదే మొక్కకు సాయంత్రం కోసిన ఆకు కొద్ది చుక్కలకే రంగు తిరిగింది. పొరపాటేమోనని మళ్లీ చేసినా అంతే. నీటికి కరువైన ఆ మొక్క రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చి, దాన్ని ఆమ్లంగా దాచుకుంటుందని, పగలు రంధ్రాలు మూసుకుని ఎండ సాయంతో ఆ ఆమ్లాన్ని చక్కెరగా మార్చుకుంటుందని ప్రొఫెసరుగారు చెబుతుంటే, పొద్దు పొడవకముందే పెరట్లో వంగి ఆకు కోస్తున్న అమ్మ నా కళ్లముందు నిలిచింది.

ఆ వారమే అమ్మకు ఫోన్ చేసి, పులుపు ఆకుదేనని, చింతపండుది కాదని నాయనమ్మకు చెప్పమన్నాను.

"ఆవిడకు చెప్పేదేమిటే? ఇంట్లో చింతపండు లేని రోజున చీకటితోనే కోసుకు రమ్మన్నది ఆవిడే."

"మరి నిన్నెందుకు అలా అనేది?"

"చుట్టాల ముందు లేదని చెప్పుకోమంటావా?"

ఇప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లు ఏం తేవాలో ముందే అడిగి తలా ఒక గిన్నె పట్టుకొస్తారు, ఏది లేకపోయినా లేదని నవ్వుతూ చెప్పుకుంటాం. మంచిదే. అయినా తన పేరు పోగొట్టుకుని ఇంటి గుట్టు కాచిన అమ్మ నిబ్బరం ఎలాంటిదో కోడలికి చెప్పాలనుకుంటాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.