చెంపకు తెలిసిన వెలుగు

ఉదయం కాఫీ కలుపుతుంటే వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి ఎడమ చెంప మీద వాలుతుంది. కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోతాను. కాఫీ చల్లారిపోతుంది, పోనీ. శాన్ రామన్‌లో మా పక్కింటి మిస్ లోరెయిన్ అప్పుడు నా దగ్గరే ఉన్నట్టుంటుంది.

ఆవిడ ఒకప్పటి హాలీవుడ్ నటి. పల్లెపొలాల్లో పెరిగిన పిల్లకి స్టూడియోవాళ్ళు పేరు మార్చారు, జుట్టు రంగు మార్చారు, కనుబొమలు పీకేసి కొత్తవి గీశారు. కొన్నాళ్ళు హీరోయిన్. తర్వాత హీరోయిన్‌కి అక్క, ఆ తర్వాత అమ్మ, ఆపైన ఫోనే మోగలేదు. నాకు పరిచయమయ్యేసరికి చూపు కూడా పోయింది. కానీ జాలిపడి ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు మండేది మహాతల్లికి. "పట్టుకోకు, చెప్పు చాలు," అనేది. సాయంత్రం నడకలో నేను ఇంగ్లీషులో చెబితే దారినపోయేవాళ్ళకి తన చూపు సంగతి తెలిసిపోతుందని పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది. కుడి, ఎడమ, మెట్టు, ఆగు. ఆ కాసిని మాటలతో మా వీధంతా మహారాణిలా నడిచేది.

"షూటింగ్‌లో లైట్ మీ మీద సరిగ్గా పడిందని ఎలా తెలిసేది?" అని అడిగానొకసారి.

"చెంప చెప్పేది హనీ. వేడి తగిలినచోట ఆగాలి. ఒక్క అడుగు పక్కకి జరిగావా, నువ్వు లేనట్టే."

ఆఫీసు మీటింగుల్లో మూల కుర్చీ వెతుక్కునే నాకు ఆ మాట సూటిగా తగిలింది.

ఊళ్ళో లైబ్రరీవాళ్ళు ఆవిడ పాత సినిమా వేసి, చివర్లో వేదికెక్కి మాట్లాడమన్నారు. చూపు సంగతి చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది. "పాపం ముసలమ్మ అనిపించుకోవడానికి కాదు నేను వెళ్ళేది. ఇంకొక్కసారి నటిలా నడవాలి."

తెర పక్కన ఆవిణ్ణి వదిలి ముందు వరుసలోకి పరుగెత్తాను. చప్పట్ల మధ్య పచ్చగౌనులో తేలివస్తున్నట్టు వచ్చింది. చెంప పైకెత్తి వెతికింది. ఆగలేదు. అయ్యో, అప్పుడు తట్టింది నాకు! అవి ఎల్‌ఈడీ లైట్లు, వాటికి వేడెక్కడిది! వెలుగు దాటేసి వేదిక అంచుకి వెళ్తోంది. పరుగెత్తి పట్టుకుంటే ఆవిడ ఆశ అక్కడితో సరి.

లేచి చప్పట్లు కొడుతూ అరిచాను. "ఆగు! ఎడమ! ఇంకా ఎడమ! ఆగు!"

అదేదో మా దేశపు జేజేలనుకున్నారు కాబోలు, నా వెనకవాళ్ళూ "ఆగు! ఆగు!" అని అందుకున్నారు. ఆవిడ ఆగింది, నిండు వెలుగులో. ఇందాక తెరమీద నవ్విన అమ్మాయే మళ్ళీ నవ్వింది.

"ఇంత చల్లటి లైట్లలో నేనెప్పుడూ నటించలేదు," అంది. హాలు గొల్లుమంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ పోయింది. మీటింగుల్లో ఇప్పుడు నేను మధ్యలోనే కూర్చుంటున్నాను. సాయంత్రాలు ఒక్కదాన్నే నడుస్తూ వీధి మలుపుకి చేరగానే నోరు దానంతటదే "మెట్టు" అంటుంది. పక్కన అడుగు పైకి లేచిందనిపించేదాకా ఆగి, అప్పుడు నేనూ ఎక్కుతాను.