తెర మీద ఆగిపోయిన వాక్యం

అసలు పేరు పెట్టి ఆమెను పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కీబోర్డు మీద వేళ్లు పడితే వడగళ్ల వానే, అందుకని అందరికీ టకటకమ్మ. వినికిడి లేనివాళ్ల సంఘం హాల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ పెద్ద తెర మీద వేస్తే, చెవిలో వ్యాఖ్యానం వింటూ విన్నది విన్నట్టు టైపు చేయడం ఆమె పని. ఆ మాటలు ఆట కింద వరుసగా నడిచేవి. ఆమె కళ్లు ఎప్పుడూ మైదానం మీదే, కంప్యూటర్ వైపు పోవు.

సెమీఫైనల్లో ఆ అలవాటే కొంప ముంచింది.

పెనాల్టీ కొట్టారు. గోలీ ఆపేశాడు. కానీ రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు! ఎందుకో తెలియక హాలంతా తెర కింది మాటల కోసం మెడలు చాచింది. సరిగ్గా అప్పుడే ఆమె కంప్యూటర్లో అత్తగారి మెసేజ్ విండో పిలవని పేరంటంలా ముందుకు దూకి, కీబోర్డును లాగేసుకుంది. టకటకమ్మకు ఆ సంగతి తెలియదు. వేళ్లు పరుగెడుతూనే ఉన్నాయి. తెర మీద మాత్రం "గోలీ ముందుగానే" అన్న దగ్గర వాక్యం కొయ్యబారిపోయింది.

సంఘం పెద్ద, వడ్రంగి, పరుగున వచ్చి బల్ల మీద దబదబా చరిచాడు. ఆమె ఉలిక్కిపడి చూసేసరికి ఆట సంగతులన్నీ అత్తగారికి చేరిపోయాయి. జవాబు కూడా వచ్చింది: "ఎవరు కొట్టారే? నీకేం కాలేదు కదా?"

ఇంటికి వెళ్లగానే, ఆమె టైపు చేసింది తెర మీదికి పంపే ప్రోగ్రాం రాసిన మరిదిని నిలదీసింది.

"నా మాటలు ఎవరి నోట్లో పోశావయ్యా!"

"కొత్త విండో తెరుచుకుంటే కీబోర్డు దాని చేతికి పోతోంది వదినా."

"వస్తే రానీ, ఓ పక్కన కూర్చోమను. నా కీబోర్డు దానికెందుకు?"

మరిది మొదట విండోలేవీ రాకుండా కట్టేశాడు. దాంతో ఇంటర్నెట్ తెగిపోతే చెప్పే హెచ్చరిక కూడా రాలేదు. "ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టావు కదయ్యా!" అని వదిన పకపకా నవ్వింది. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. రెండో సాయంత్రానికల్లా దారి దొరికింది. విండో ఏదైనా రావచ్చు, కానీ ఆమె తానై రెండు మీటలు కలిపి నొక్కితే తప్ప కీబోర్డు చేయి మారదు. కీబోర్డు ఏ విండో చేతిలో ఉందో దాని చుట్టూ లావుపాటి ఆకుపచ్చ గీత.

పరీక్షకు అత్తగారే దిగింది. పక్కగదిలో కూర్చుని మెసేజ్ మీద మెసేజ్.

"ఇంకా పంపనా?"

"ఆపకండి అత్తయ్యా, దంచండి!"

ఒక్క అక్షరం కూడా దారి తప్పలేదు. ముగ్గురూ ఒకేసారి కేక పెట్టారు.

ఫైనల్. రెండు జట్లూ సమానం. చివర్లో బంతి వలలో పడింది, కానీ ఆఫ్‌సైడేమోనని వీడియో పరిశీలన. హాల్లో రెప్ప పడటం లేదు. టకటకమ్మ కంప్యూటర్లో మూల ఒక విండో, దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చున్నాయి. కీబోర్డు మాత్రం కదల్లేదు. రిఫరీ కంటే ముందే వ్యాఖ్యాతకు తీర్పు అందింది. ఆ మాట చెవిలో పడీ పడగానే వేళ్లు ఎగిరాయి: "ఆఫ్‌సైడ్ కాదు! గోల్ ఇచ్చేశారు!"

తెర మీద ఆటగాళ్లు ఇంకా బిక్కమొహాలతో రిఫరీ చుట్టూ నిలబడే ఉన్నారు. హాల్లో మాత్రం అప్పటికే చప్పట్లకు బదులుగా అన్ని చేతులూ గాల్లోకి లేచి, వేళ్లు విప్పార్చుకుని రెపరెపలాడుతున్నాయి. వడ్రంగి కుర్చీ ఎక్కేశాడు. టకటకమ్మ తర్వాతి వాక్యం అందుకుంది.