డిష్‌వాషర్ చప్పుడు మాటున

ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా అమ్మతో అనలేదు, మా ఆయనతో అనలేదు, దేవుడి ముందు చేతులు జోడించి నిలబడినప్పుడు కూడా పెదవి కదపలేదు. ఏళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెళ్ళిళ్ళకు వెళ్తున్నాను, పేరంటాలకు వెళ్తున్నాను, నలుగురిలో నవ్వుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం తెలిసిన మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది నరసరావుపేట. మా ఆయనకు పురుగుమందుల కొట్టు ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని పెంచింది వాళ్ళక్క. నాకు వదిన. భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి, తమ్ముడే లోకంగా బతికింది. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి తాళాలు ఆవిడ నడుముకే ఉండేవి. నోరు పెద్దది. నేను తోమిన గిన్నెను వెలుగులోకి ఎత్తి చూసి, "ఏందే ఇది, జిడ్డు అట్టనే ఉంది" అని మళ్ళీ అంట్లలో పడేసేది. అలాగని చెడ్డమనిషని అనలేను. నాకు రెండుసార్లు కడుపు పోయినప్పుడు, పక్కన కూర్చుని పసిపిల్లకు పెట్టినట్టు ముద్దలు కలిపి పెట్టింది ఆవిడే. ఇది కూడా చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు కొంచెం చిన్నదిగా కనబడుతుంది.

ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. అంత నోరున్న మనిషికి ఎడమచెయ్యి ఒక్కటి మిగిలింది. వంటింటి పక్క గదిలో మంచం వేశాం. ఏమైనా కావాలంటే స్టీలు గ్లాసుతో గోడ మీద తట్టేది. గోడకు ఇవతల నేను.

మంచాన పడ్డ మనిషికి చాకిరీ అంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుసు. ఆ మాటలు ఇక్కడ ఏకరువు పెట్టను, పెడితే సాకులవుతాయి. మా ఆయన నన్ను చూసి జాలిపడి, అంట్ల పనైనా తప్పుతుందని డిష్‌వాషర్ తెచ్చారు. నీళ్ళ పైపు ఉన్నది ఆ గోడ పక్కనే కాబట్టి దాన్ని అక్కడే పెట్టారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత అదరడం మొదలుపెట్టింది. గట్టు మీద గరిటెలు గలగలలాడేవి. ఆ అదురు గోడలోకి పాకేది. గోడ అవతలి వైపే వదిన తలగడ.

మిషను వేసేది మధ్యాహ్నం. ఆయన కొట్లో ఉంటారు కాబట్టి ఆదివారాలు తప్ప ఆ గోల ఆయనకు తెలియదు. మస్తాన్‌ని పిలుస్తానన్నారు. మస్తాన్ అంటే మా బజార్లో ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ బాగుచేసేవాడు. పత్తికి మందులు కొట్టే రోజులు, కొట్లో ఊపిరాడక మర్చిపోయారు. నేను ఊరుకోలేక ఫోన్‌లో వీడియోలు చూశాను. వాటిలో గిన్నెలన్నీ తీసేసి ఖాళీగా వేసి చూడమన్నారు. వేశాను, అదురు తగ్గలేదు, అంటే గిన్నెలు ఒకదానికొకటి తగలడం కాదు. లోపల నీళ్ళు చిమ్మే రెక్కను చేత్తో తిప్పాను, దేనికీ తగలకుండా తిరిగింది. మిషను మీద గ్లాసెడు నీళ్ళు పెట్టాను. నీళ్ళు ఒక పక్కకు వాలాయి. నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి చూస్తే, ముందువైపు కాలు ఒకటి నేలకు ఆనడం లేదు. మర కాలు అది. చేత్తో తిప్పితే దిగింది. స్కూటర్ సామాన్లలో పానా తెచ్చి పైన నట్టు బిగించాను.

మళ్ళీ వేస్తే చప్పుడే లేదు. మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆ పూట నా అంత గొప్పది లేదనుకున్నాను. సాయంత్రం ఆయన రాగానే చెప్పాలనుకున్నాను.

అప్పుడు వినబడింది. టక్. టక్. టక్.

అంతకుముందు కూడా తట్టేది, అదురులో సగం వినబడేది కాదు. ఇప్పుడు ప్రతి దెబ్బా నా వీపు మీద పడుతున్నట్టే ఉంది. వెళ్ళాను. నీళ్ళు వద్దని సైగ చేసింది. పక్కకు తిప్పనా అంటే వద్దంది. ఏమీ అక్కర్లేదు ఆవిడకు. నా మణికట్టు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. కూర్చోమని. అంతే. కాసేపు మనిషిని దగ్గర కూర్చోమని. నేను చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. మళ్ళీ తట్టింది. మళ్ళీ వెళ్ళాను. ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది, మర్నాడూ అంతే.

ఆదివారం రాకముందే నేను మళ్ళీ నేల మీద బోర్లా పడుకున్నాను. నట్టు వదులు చేసి కాలును పైకి తిప్పాను.

ఎందుకు తిప్పాను? మస్తాన్ వచ్చి సరిగ్గా బిగిస్తాడులే, నేను బిగించింది ఎంతకాలం ఆగుతుంది అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. బాగున్నదాన్ని పాడుచేస్తూ ఆ మాట చెప్పుకున్నాను. మనసుకు సిగ్గుండదా? ఉంటుంది, కానీ దానికి సాకులు చెప్పడం కూడా వచ్చు. ఆ ఆదివారం మా ఆయన మిషను గోల విని, "రేపు మస్తాన్‌ని పంపిస్తా" అన్నారు. "తొందరేం లేదులెండి, సీజను అయ్యాక చూద్దాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

తర్వాత ఎన్నిసార్లు తట్టిందో, నేను ఎన్నిసార్లు వెంటనే వెళ్ళలేదో చెప్పలేను. అసలు వెళ్ళకుండా ఎప్పుడూ లేను. కాసేపు ఆగి వెళ్ళేదాన్ని. వినపడలేదు వదినా, ఈ దిక్కుమాలిన మిషను ఒకటి, అనేదాన్ని. ఆవిడ నన్ను చూసేది. నమ్మిందో లేదో, చెప్పడానికి నోరు లేదు కదా.

ఆ రోజు వదినకు తినిపించి, పక్క సర్ది, వండిన గిన్నెలు లోపల పెట్టి మిషను వేశాను. అదురు మొదలైంది. కాసేపటికి గోడ తట్టడం వినబడింది. మిషను కొట్టుకోవడం ఒకే తీరున ఉంటుంది. చెయ్యి కొట్టడం అలా ఉండదు. తేడా నాకు ఎప్పుడో తెలిసిపోయింది. ఆ రోజు ఎప్పటిలా నిదానంగా తట్టలేదు. గబగబా తట్టింది, ఆగింది, ఒకటి కొట్టింది, చాలాసేపు ఆగి ఇంకొకటి కొట్టింది. నేను వంటింట్లోనే ఉన్నాను. కదల్లేదు. తట్టడం ఆగిపోయాక అమ్మయ్య అనుకున్నాను.

ఆ అమ్మయ్యే నన్ను ఇన్నేళ్ళుగా తింటోంది.

మిషను పని పూర్తయ్యి ఆగాక వెళ్ళాను. మంచం మీది నుంచి జారి, గోడకీ మంచానికీ మధ్య తల ఇరుక్కుపోయి ఉంది. మెడ వంగిపోయింది. ఊపిరి లేదు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

వచ్చినవాళ్ళందరూ నన్నే మెచ్చుకున్నారు. ఎదురింటి పిన్ని నా తల నిమిరి, "కన్నకూతురు కూడా ఇట్టా చెయ్యదమ్మా, మరదలంటే నువ్వే" అంది. నేను తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని కూర్చున్నాను. దుఃఖమనుకున్నారు.

కర్మలన్నీ అయ్యాక మా ఆయన తనే వెళ్ళి మస్తాన్‌ని తీసుకొచ్చారు. అతను మిషనును ముందుకు లాగి, వంగి చూశాడు. కాలును వేలితో తిప్పాడు.

"ఈ నట్టు దానంతటది ఇంత దూరం రాదు సార్. పానా పెట్టిన గుర్తు కూడా ఉంది. ఎవురన్నా ఇప్పారా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "ఎవురు ఇప్పుతారు మస్తానూ, బిగించిన రోజు పెట్టిన గుర్తయ్యుంటది. ఆ ఊపుకు అదే వదులైంది. నాదే తప్పు. నిన్ను ముందే పిలిస్తే ఆ చప్పుడు ఉండేది కాదు, మా అక్క తట్టింది ఈమెకు ఇనపడేది."

మస్తాన్ పానా అందుకున్నాడు. బిగించి వెళ్ళిపోయాడు. నాకు అబద్ధం ఆడే కష్టం కూడా లేకుండా పోయింది. నోరు మూసుకుంటే సరిపోయింది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో పిడికెడు కూడా నా వంతుకు రాలేదు. మొత్తం ఆయనే ఎత్తుకున్నారు. ఇప్పటికీ నేను మిక్సీ వేస్తే వచ్చి ఆపేస్తారు. మోటారు తిరుగుతుంటే కట్టేస్తారు. "ఎవురో పిలిచినట్టుంది" అని ఆ గది గుమ్మం దాకా వెళ్ళి, చెవి పెట్టి నిలబడతారు. అరవై కూడా నిండని మనిషి, ముసలివాడైపోయారు. ఒక్క మాట చెబితే ఆ బరువు ఆయన మీది నుంచి దిగిపోతుంది. నాకు తెలుసు. చెబితే నన్ను చూసే చూపు మారిపోతుందని కూడా తెలుసు. ఈ రెండింటిలో ప్రతిరోజూ నన్నే నేను కాపాడుకుంటున్నాను. ఒకసారి చేసిన తప్పయితే పోయేది. ఇది రోజూ చేస్తున్నాను.

మొన్న వదిన తద్దినం రోజు, విస్తరి ముందు కూర్చుని ముద్ద నోట పెట్టుకోకుండా అన్నారు. "పాపం, మా అక్క ఎంతసేపు తట్టిందో."

నేను నెయ్యి వడ్డిస్తున్నాను. చెయ్యి వణకలేదు. అది కూడా రాయాలి.

ఎంతసేపు తట్టిందో నాకు తెలుసు. పైన ఆ రోజు గురించి రాసినప్పుడు ఈ ఒక్కటీ దాటేశాను. నేనప్పుడు వంటింట్లో అన్నం తింటున్నాను. పప్పు కలుపుకుంటుంటే మొదటి దెబ్బ వినబడింది. పెరుగు వేసుకునేటప్పుడు కూడా ఇంకా తడుతూనే ఉంది. కంచం ఖాళీ అయ్యేదాకా నేను లేవలేదు.

ఇంకేమీ దాచలేదు. ఇంతే.