తనిఖీ రోజు తిన్న టమాట పప్పు

రిటైరవడానికి ముందు ఏడాది నన్ను తార్నాక దగ్గరి ఒక విశ్వవిద్యాలయం జీవభద్రతా కమిటీలో బయటి సభ్యుడిగా వేశారు. జన్యుసవరణ చేసిన టమాట మొక్కల్ని వాటిని పెంచే వలగదిలో, అంటే నెట్‌హౌస్‌లో, చూసి రిపోర్టు రాయడం మా పని. జన్యుసవరణ అంటే మొక్కలో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి మార్చడం. బయటి జన్యువు ముక్క ఏదీ మిగల్లేదని పరీక్షల్లో తేలి, కమిటీ ఒప్పుకునేదాకా ఒక్క కాయ కూడా గేటు దాటకూడదు. గింజలు తీశాక మిగిలిన కాయల్ని ఆవిరియంత్రంలో ఉడికించి పూడ్చిపెట్టాలి.

ఆ మొక్కలు పెంచింది స్వప్న అనే పరిశోధక విద్యార్థిని. తనిఖీ బాగానే జరిగింది. ఆ రోజు క్యాంటీన్ మూసి ఉండటంతో మా ముగ్గురు సభ్యుల్నీ పక్కనే మాణికేశ్వర్ నగర్‌లోని తన అద్దె ఇంటికి భోజనానికి తీసుకెళ్లింది. ఊరినుంచి వచ్చిన వాళ్లమ్మ లక్ష్మమ్మ వండింది. టమాట పప్పు రెండోసారి అడిగి వడ్డించుకుని, ఇలాంటి పులుపు ఈమధ్య ఎక్కడా దొరకడం లేదన్నాను.

లక్ష్మమ్మ మొహం వెలిగింది. "మా బిడ్డ పెంచినయే గద సార్. నిన్న బిడ్డకు ల్యాబుకు బువ్వ పట్కపోతే ఆడ బల్ల కింద సంచిల ఉన్నయి. పూడ్చిపెడ్తరంట. పండినదాన్ని మట్టిల ఏసుడేందని తెచ్చిన."

స్వప్న "అమ్మా" అని మాత్రం అనగలిగింది. పక్కనున్న సభ్యుడు కంచం జరిపాడు. నా ముద్ద నోట్లోనే ఆగింది.

"ఏందయ్యా, తినగూడనివా? పక్కింటోళ్లకు గూడ గిన్నెడు ఇచ్చిన."

"విషం కాదమ్మా. పరీక్ష ఇంకా పూర్తి కాలేదు, అంతే" అన్నాను ముద్ద బుగ్గన పెట్టుకునే.

"మరి మింగుతలేరేంది సార్?"

వీటికీ మామూలు టమాటలకూ తేడా ఉండదని అంతకు కొద్దిరోజుల ముందే ఒక సభలో ధైర్యంగా చెప్పి వచ్చాను. మింగాను. భోజనం అయ్యేదాకా తల ఎత్తలేకపోయాను.

తిరిగి క్యాంపస్‌కు నడుస్తుంటే కంచం జరిపిన సభ్యుడే, ఇది రిపోర్టులో రాస్తే మన పేర్లు కూడా వస్తాయి, వదిలేద్దాం అన్నాడు. కాదనడానికి నేను తడుముకున్నాను. వెనక వస్తున్న స్వప్న నాకంటే ముందే అన్నది: "రాయండి సార్. సంచిని తాళంల పెట్టాల్సింది నేనే."

కాయలు బయటికి వెళ్లాయనీ, మేమూ తిన్నామనీ రాసి సంతకాలు చేశాం. పక్కింటివాళ్లకు సంగతి చెప్పాం. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రయోగం ఒక పంటకాలం ఆగింది. తర్వాత పరీక్షల్లో బయటి జన్యువు లేదని తేలి అనుమతి వచ్చింది. స్వప్న థీసిస్ మాత్రం ఆలస్యమైంది.

"ఇంకా తేలలేదు" అంటే "ప్రమాదం" అని కాదు. ఈ తేడాను రిపోర్టుల్లో ఎన్నోసార్లు రాశాను. అన్నం పెట్టిన మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం నాకు రాదని ఆ ఇంట్లో తెలిసింది.